సరస్సు ఒడ్డున కాలేజీ

పిల్లల భవిష్యత్తు వంటి ముఖ్యమైన విషయాన్ని పిల్లలకే వదిలేయరాదన్న సదుద్దేశంతో ఆ ఊరి ప్లస్ టూ స్కూలువారు ఒక సలహాదారును నియమించారు. ఆయన గదిలో మూడు కుర్చీలు: ఒకటి ఆయనకు, రెండు పెద్దలకు. విద్యార్థి నిలబడవచ్చు.

ప్లంబరుగారి అమ్మాయి అలాగే నిలబడింది. సెలవుల్లో తండ్రి వెంట వెళ్లి పైపులు బిగించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇంకా చదవాలా, చదివితే ఎక్కడ అన్నది మాత్రం తేలడం లేదు. తండ్రి పక్క కుర్చీలో పెదనాన్న కూర్చున్నాడు. ఆయన ఏ కాలేజీ గడపా తొక్కలేదు గనుక అన్నిటి గురించీ నిష్పక్షపాతంగా మాట్లాడగలడు.

సలహాదారు గొంతు సవరించుకున్నాడు. "విద్య మహాసముద్రం! దూకడమే మన కర్తవ్యం. ఈత సంగతి తర్వాత. ఇదిగో, సరస్సు ఒడ్డున కాలేజీ!" అంటూ రంగుల పుస్తకం చాపాడు.

"ఒకసారి చూసొస్తానండీ" అంది అమ్మాయి.

"చేరాక నాలుగేళ్లూ చూడ్డమేగా!" అన్నాడు పెదనాన్న.

"చెప్పులు కొనేటప్పుడైనా కాలు పెట్టి చూస్తాం కదన్నయ్యా. వెళ్లిరానీ" అన్నాడు తండ్రి మెల్లగా.

మర్నాడే బస్సెక్కింది. సరస్సు ఉంది. బాతులూ ఉన్నాయి. నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయా అని వెతుక్కుంటూ పోతే, భవనం వెనక ట్యాంకు కింద పగిలిన పైపు కనిపించింది.

"పది నిమిషాల్లో బాగుచేసేస్తానండీ" అంది.

వాచ్‌మన్ హడలిపోయాడు. "అంత పని చెయ్యకు తల్లీ! సరస్సు ఎండితే ఎవరు చేరతారు?"

తిరుగు ప్రయాణంలో బస్సు మారేచోట మరో కాలేజీ, రేకుల షెడ్లలో. లోపల పంపు విప్పుతున్న లెక్చరరమ్మ చేతుల మసి తుడుచుకుంటూ, "నీకేం నేర్చుకోవాలనుంది?" అని అడిగింది.

పదిహేడేళ్లలో అమ్మాయిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. "నీళ్లు పై అంతస్తుకి ఎలా ఎక్కించాలో తెలుసండీ. ఎందుకెక్కుతాయో తెలీదు" అంది.

"అయితే రా" అంది ఆవిడ.

చేరిపోయింది. పెదనాన్న నెల్లాళ్లు అలిగి మాట్లాడటం మానేశాడు. ఇంటిల్లిపాదీ హాయిగా ఉన్నారు.

ఏడాది తిరిగేసరికి వీధి చివరి ఇళ్లకూ నీళ్లందేలా చేసి, ఊళ్లో పేరు తెచ్చుకుంది. మిగతా పిల్లల కన్నవాళ్లంతా మేల్కొన్నారు. "ఆ పిల్లని చూసి నేర్చుకోరా! ఎవరి మాటా వినకుండా సొంతంగా నిర్ణయించుకుంది. నువ్వూ సొంతంగా నిర్ణయించుకుని, నోరు మూసుకుని అక్కడే చేరు!" అని హితబోధ చేశారు.

ఈ ఏడు ఆ షెడ్లకు ఆరువందల దరఖాస్తులు వచ్చాయి. అన్నీ స్వతంత్ర నిర్ణయాలే. చేతిరాత మాత్రం అమ్మానాన్నలది.