వయా నందిగామ

ఆ రోజుకి హరిచరణ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఉదయం పదింటికి జగ్గయ్యపేట అవతల ఉన్న ఫ్లయింగ్ స్కూలు నుంచి రెండు సీట్ల విమానంలో బయలుదేరాలి. మ్యాపు, దిక్సూచి, చేతి గడియారం, ఈ మూడింటినే నమ్ముకుని వీరులపాడు మీదికి చేరి, తిరిగి రావాలి. జీపీఎస్ ముట్టుకోకూడదు. హైవే పట్టుకుని పోకూడదు. పక్క సీట్లో కెప్టెన్ రూబెన్ కూర్చుని చూస్తారు. ఈ పరీక్ష హరిచరణ్ అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే స్కూలువాళ్ళు దండం పెట్టి ఇంటికి పంపించేస్తారు.

అతనికి విమానం నడపడం బాగానే వచ్చు. దించడం ఇంకా బాగా వచ్చు. ఎక్కడున్నాడో చెప్పడమే రాదు. ఆ పని మొదటినుంచీ జీపీఎస్ ఉన్న ట్యాబ్ చూసుకునేది. ట్యాబ్ ఒళ్ళో ఉంటే కాశ్మీరు దాకా వెళ్ళి రాగలడు. లేకపోతే రన్‌వే దాటగానే కుడికా ఎడమకా అన్న సందేహం పట్టుకుంటుంది.

అందుకే ముందురోజు తండ్రి దశరథరామయ్యకు ఫోన్ చేశాడు. వాళ్ళ మిర్చి కల్లం నందిగామకు ఉత్తరాన, వీరులపాడు వెళ్ళే గాలిదారికి సరిగ్గా మధ్యలో ఉంది. కాయలు ఎలాగూ ఎండబోసే ఉంటాయి. వాటినే పెద్ద బాణంలా పరిచి, మొన వీరులపాడు వైపు పెడితే చాలు, మిగతాది తను చూసుకుంటాడు.

"ఓస్, అంతేనా!" అన్నాడు దశరథరామయ్య.

తొమ్మిదింటికి తల్లి ప్రమీలారాణి ఫోన్ చేసింది.

"హరీ, బాణం అయిపోయింది నాన్నా. ఇంత పొడుగు వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చూసిపోతున్నారు."

"వాళ్ళకెందుకు చెప్పారమ్మా?"

"మేమేం చెప్పలా. పక్క కల్లం సతీష్‌బాబు అడిగితే, విమానం వస్తోంది, దానికోసం అన్నారు మీ నాన్న. అంతే."

అరగంటలో మళ్ళీ ఆవిడే చేసింది.

"ఒరే, సతీష్‌బాబు కూడా బాణం వేశాడు. మిర్చి ఎంత పండిందో చూడ్డానికి గవర్నమెంటు విమానం వస్తోందంట. బాణం ఉన్న కల్లాలే లెక్కలోకి వస్తాయంట. ఇప్పుడు అందరూ వేసేస్తున్నారు."

"ఎటువైపు వేస్తున్నారు?"

"ఎవరింటి వైపు వాళ్ళు. ఎవరి సరుకో తెలియాలి కదా మరి!"

"మరి మనది నేనెలా గుర్తుపట్టేది?"

"గాబరాపడకు. రంగుపోయి తెల్లబడిన తాలు కాయలు ఏరించి, బాణం పక్కన నీ పేరు రాయిస్తున్నారు మీ నాన్న. ఇంకో మాట, ఆ బాణం ఎటు పెట్టారంటే..."

అంతలో కెప్టెన్ రూబెన్ వచ్చి చెయ్యి చాపారు. ఫోను ఆయన జేబులోకి పోయింది. ట్యాబ్ అంతకుముందే పోయింది.

పైకెళ్ళాక కెప్టెన్ చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మొదటి అయిదు నిమిషాలూ హరిచరణ్ బుద్ధిగా వీరులపాడు ఉన్న తూర్పుకే నడిపాడు. తరవాత కల్లాలు మొదలయ్యాయి. ఎక్కడ చూసినా ఎర్ర తివాచీలు పరిచినట్టు మిరపకాయలే. ప్రతి కల్లంలోనూ ఓ బాణం. మొదటిది ఉత్తరం చూపించింది. పొగమంచులో దాని పక్కన పేరుందో లేదో కనిపించక, ఎందుకైనా మంచిదని అటు తిప్పాడు. రెండోది వచ్చిన దారే చూపించింది. మూడోది అన్నదమ్ముల ఉమ్మడి కల్లం కాబోలు, రెండువైపులా మొనలున్నాయి.

"ఎటయ్యా?" అన్నారు కెప్టెన్.

"అటేనండి."

"ఇందాక ఇటన్నావ్."

"ఇప్పుడు అటండి."

మరో రెండు బాణాలయ్యేసరికి మ్యాపుకీ నేలకీ సంబంధం తెగిపోయింది. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. మావాడు పైలట్ అని తండ్రి చెప్పుకోని మనిషి చుట్టుపక్కల మండలాల్లో లేడు. రేపు ఏ మొహం పెట్టుకుని ఊళ్ళోకి పోవాలి? హరిచరణ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు కనిపించింది. ఎర్రటి బాణం పక్కన తెల్లగా, వంకరటింకరగా, 'హరి'. చుట్టూ జనం తువ్వాళ్ళు ఊపుతున్నారు. ప్రాణం లేచొచ్చింది. బాణం మొన పట్టుకుని విమానాన్ని తిప్పాడు. దిక్సూచి మాత్రం మొహమాటం లేకుండా, ఇది దక్షిణం అంది. కన్నతండ్రి మాట ముందు దిక్సూచి మాటేమిటని హరిచరణ్ తిన్నగా పోయాడు.

మూడు నిమిషాల్లో హైవే వచ్చింది. లారీలు, వంతెన, బస్టాండులో వరసగా ఎర్రబస్సులు.

"ఇదేం ఊరు?" అన్నారు కెప్టెన్.

"నందిగామండి."

"నువ్వు పోవాల్సింది?"

"వీరులపాడండి."

"మరి?"

మరేముంది, పరీక్ష పోయినట్టే. అయితే ట్యాబ్ లేకుండా తనెక్కడున్నాడో హరిచరణ్‌కు తెలియడం జీవితంలో అదే మొదటిసారి. ఎలాగూ పోయేదే కదా అని మ్యాపులో నందిగామ మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి వీరులపాడుకి గీత గీశాడు, దూరం కొలిచాడు, దిక్సూచి చూసి విమానాన్ని ఈశాన్యానికి తిప్పాడు. ఆరు నిమిషాలు అనుకుని గడియారం చూసుకున్నాడు. దారిలో బాణాలు కనిపించినా కన్నెత్తి చూడలేదు. ఆరో నిమిషంలో మ్యాపులో ఉన్నట్టే రోడ్డు మలుపూ, దాని పక్కన ఊరూ రెక్క కిందికి వచ్చాయి. అది వీరులపాడే.

తిరుగుదారీ అలాగే లెక్కేసుకుని స్కూలుకి వచ్చి దిగాక కెప్టెన్ ఫోను తిరిగి ఇచ్చారు. "కింద ఆ బాణాలేంటయ్యా?"

"ఈమధ్య అలా ఆరబోస్తున్నారండి."

"సర్లే. దారి తప్పినవాళ్ళు అక్కడక్కడే గిరికీలు కొట్టి పెట్రోలు తగలేస్తారు. నువ్వూ కాసేపు కొట్టావ్. కానీ తర్వాత తిన్నగా తెలిసిన ఊరికి పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ లెక్కేసుకున్నావ్ చూడు, చెయ్యాల్సింది అదే. ఆ పాఠం శ్రద్ధగా చదివినవాణ్ణి ఇన్నాళ్ళకి చూశా. పాస్."

ఆ పాఠం ఏ పుస్తకంలో ఉందో కూడా తెలియని హరిచరణ్ వినయంగా తల వంచుకున్నాడు. పక్కకి రాగానే తండ్రికి ఫోన్ చేశాడు.

"నాన్నా, బాణం వీరులపాడు వైపు పెట్టమంటే నందిగామ వైపు పెట్టారేంటి?"

"వీరులపాడు తిన్నగా ఎవడు పోతాడ్రా? మన దగ్గర్నుంచి నందిగామ పోయి, బస్టాండులో బస్సు మారాలి. నువ్వు పుట్టకముందు నుంచీ అదే దారి."

"విమానానికి బస్సు మారడమేంటి నాన్నా!"

"ఇంతకీ చేరావా, లేదా?"

"చేరా."

"మరింకేంటి?"

వారం తరవాత నోటీసు బోర్డులో తరువాతి పరీక్ష మిర్యాలగూడ దాకా అని పెట్టారు. హరిచరణ్ మ్యాపు విప్పబోయే ముందు తండ్రికి ఫోన్ చేసి, కోదాడలో మారాలా అని అడిగాడు.