తిరిగి వచ్చినట్టు నమోదైనది

మనిషి చనిపోవడానికి ఊపిరి ఆగితే చాలనుకునే అమాయకులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళెవరూ ఎప్పుడూ రేవు కార్యాలయం గడప తొక్కి ఉండరు. ఊపిరి ఆగడమంటే దరఖాస్తు పెట్టుకోవడం మాత్రమే. మంజూరు కావడం వేరే సంగతి.

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనవరాలికి ముప్ఫై ఏడేళ్ళు వచ్చేదాకా ఈ విషయం తెలియలేదు. ఆమె తాత అరవై ఒక్క ఏళ్ళ కిందట, ఒక గురువారం ఉదయం, మరో ఐదుగురితో కలిసి పడవెక్కి చేపల వేటకు వెళ్ళాడు. సాయంత్రానికి తుపాను పట్టుకుంది. పడవ రాలేదు. అప్పటికి అమ్మమ్మకు ఇరవై రెండేళ్ళు, కడుపులో మనవరాలి తల్లి. ఇంటిల్లిపాదీ ఏడ్చారు, వీధి వీధంతా ఏడ్చింది, అలా ఏడ్చినవాళ్ళలో చాలామంది తమ వంతు వచ్చి వెళ్ళిపోయారు కూడా. వాళ్ళందరి దృష్టిలో ఆయన చనిపోయాడు. ఇంతమంది కూడబలుక్కున్నట్టు ఒకేసారి పొరబడటం విచారకరమని కార్యాలయం తరవాత అభిప్రాయపడింది.

ఈ ఏడాది రేవు అధికారులు ఒడ్డున ఒక నల్లరాతి గోడ కట్టించారు. సముద్రంలో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లు దానిమీద చెక్కిస్తామని, కావలసినవాళ్ళు మరణ ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలని ప్రకటన వేశారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అమ్మమ్మకు అదే ధ్యాస. ఆయనది ఒక ఫోటో లేదు, ఉత్తరం లేదు, పేరు రాసిన కాగితం ముక్క లేదు. పెళ్ళినాటికి ఆవిడకు చదువే రాదు. రేవు బోర్డు మీద ఏయే పడవలు వచ్చాయో ఎవర్నీ అడగకుండా చదువుకోవాలని, పసిపిల్లను ఒళ్ళో వేసుకుని అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక చదవాల్సిన పేరు మాత్రం ఎక్కడా కనబడలేదు.

"రాతిమీద ఆయన పేరు ఒక్కసారి చదివితే చాలే నాకు," అంది మనవరాలితో.

చదవడానికి గడువు తక్కువ. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటి చూపు నెలనెలా తగ్గుతోంది. దుకాణంలో గోడకు తగిలించిన అక్షరాల పలక ముందు మనవరాలు ఆవిడను నెలకోసారి కూర్చోబెడుతుంది. వేసవిలో ఐదో వరస దాకా చదివిన మనిషి ఇప్పుడు మూడో వరస దగ్గరే తడబడుతోంది. గోడమీద అక్షరాలు రెండంగుళాలుంటాయని కనుక్కుని మనవరాలు అంచనా వేసింది. ఏడాది చివరిదాకా పరవాలేదు. ఆ తరవాత చెప్పలేం.

జనన మరణాల కిటికీ దగ్గర మొదటి ప్రశ్న, ఎక్కడ చనిపోయారు అని. సముద్రంలో అని చెప్పింది. సముద్రం ఏ వార్డు కిందికి వస్తుందని అడిగారు. ఏ వార్డు కిందికీ రాదని వాళ్ళే పటం తీసి చూపించారు. పుట్టాలన్నా పోవాలన్నా ఏదో ఒక వార్డులోనే ఆ పని చేయాలి. (ఆరో వార్డుకీ ఏడో వార్డుకీ మధ్య మురుగుకాలవలో పడి పోయిన ఒకాయన దస్త్రం పందొమ్మిదేళ్ళుగా రెండు బల్లల మధ్య తిరుగుతోందట. ఆయన కుటుంబం ఇప్పుడు అక్కడి సిబ్బందికి బంధువుల్లాగా అయిపోయింది.) అక్కణ్ణించి ఆమెను రేవు కార్యాలయానికి పంపారు.

రేవు కార్యాలయంలో పాత పుస్తకాలన్నీ ఒకే గుమాస్తా చేతిలో ఉంటాయి. అందరూ ఆయన్ని పుస్తకాలాయన అంటారు. మంచి మనిషి. మంచి మనిషి కాబట్టే ఎవరికీ లేదని చెప్పలేక రేపు రమ్మంటాడు. అలా ఆరు రేపులు గడిచాక పుస్తకం దొరికింది. అందులో రెండే గడులు: పడవ వెళ్ళిన వేళ, పడవ వచ్చిన వేళ. తాత పడవకు మొదటి గడి నిండింది. రెండోది ఖాళీ.

"మీ తాతగారి పడవ వచ్చినట్టు లేదమ్మా," అన్నాడాయన.

"రాలేదండీ. అందుకే నేనొచ్చాను."

"రాలేదంటే ఇంకా వేటలో ఉన్నట్టే కదా."

ఆయన వేళాకోళం ఆడటం లేదు. వాతావరణం బాగోకపోతే పడవ ఆలస్యంగా రావచ్చని పద్నాలుగో నియమం ఉంది. ఎంత ఆలస్యమో అందులో రాయలేదు. (రాసినవాళ్ళు ఆశావాదులు.) తాతకిప్పుడు ఎనభై ఏడేళ్ళుంటాయని ఆమె గుర్తుచేస్తే, వేటకు తమ కార్యాలయం వయోపరిమితి ఏదీ పెట్టలేదని ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు. తుపాను సంగతి ఎత్తితే రుజువు తెమ్మన్నాడు. ఆమె చెప్పులరిగేలా తిరిగి వాతావరణ కార్యాలయం నుంచి ఉత్తరం తెచ్చింది. ఆ రోజున తుపాను వచ్చిన మాట వాస్తవమేనని, అయితే అది సదరు పడవను కలిసినట్టు తమవద్ద సమాచారం లేదని అందులో ఉంది.

పదమూడోసారి వెళ్ళిన రోజున పుస్తకాలాయన కళ్ళజోడు మాటిమాటికీ ముక్కుమీంచి జారిపోతోంది. మనవరాలికి వృత్తిరీత్యా అది చూస్తూ ఊరుకోవడం చేతకాదు. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, కాడ బిగించి, అద్దాలు తుడిచి ఇచ్చింది. ఆయన పెట్టుకుని నాలుగువైపులా చూశాడు. అమ్మమ్మ కంటి సంగతి అప్పుడే మొదటిసారి పూర్తిగా విన్నాడు. విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించాడు.

"ఒక పని చేద్దామమ్మా. ముందు పడవను వెనక్కి రప్పిద్దాం. ఒడ్డుకొచ్చిన మనిషికి చావు రాయడం ఎంతసేపు?"

ఉపాయం నిజంగా తేలికే. రేవు మెట్లలో ఆఖరిది ఏడో వార్డులో ఉంది. మెట్టు దిగితే సముద్రం, మెట్టుమీద ఉంటే వార్డు. శనివారం కార్యాలయానికి సెలవు కాబట్టి పడవ తుపాను మర్నాడు, ఆ శుక్రవారమే రావాలి, అదీ ఐదు లోపల. మరణ కారణం గడిలో ఏం రాయాలని ఆయన కాసేపు ఆలోచించి, అలసట అని రాశాడు. మనవరాలు కుటుంబం తరఫున సంతకం పెట్టింది. ఆ ఒక్క సంతకంతో మిగతా ఐదుగురు కూడా క్షేమంగా ఒడ్డుకు చేరారు. (ఈ శుభవార్త వాళ్ళ ఇళ్ళకు తెలియజేయాలని నియమాల్లో ఎక్కడా లేదు.)

ధ్రువపత్రం చేతికొచ్చిన రోజున అమ్మమ్మ దాన్ని కంటికి ఆనించుకుని చదవబోయి, అక్షరాలు మరీ చిన్నవి కావడంతో మనవరాలికే ఇచ్చింది. ఆమె పైకి చదివింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు పడవ తిరిగి వచ్చినది. నాలుగుంపావుకు రేవు ఆఖరి మెట్టుమీద మరణించినారు.

"ఆ శుక్రవారం తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఆ మెట్టుమీదే కూర్చున్నానే నేను," అంది అమ్మమ్మ.

అది ఉత్త కాగితం కోసం రాసిందమ్మమ్మా అని మనవరాలు సర్దిచెప్పింది. చెప్పింది గాని, ఆ సంతకం పెట్టిన చెయ్యి తనదేనన్న సంగతి ఆమెను లోపల తొలుస్తూనే ఉంది.

ధ్రువపత్రం నకలు జతచేసి పెట్టిన దరఖాస్తుకు గోడ ప్రారంభానికి మూడు రోజుల ముందు జవాబు వచ్చింది. తమరి తాతగారు సముద్రంలో కాక ఒడ్డున మరణించినట్టు తమరు జతచేసిన పత్రమే తెలియజేస్తున్నందున, గోడపై చోటు కల్పించలేమని విచారిస్తున్నారు. మనవరాలు ఆ ఉత్తరాన్ని దుకాణంలో అద్దాల సొరుగు అడుగున పెట్టేసింది. ఆమె మనసులో ఒక ఆలోచన ఉంది, మంచిది కాదు గాని వేరే దారి లేదు. అమ్మమ్మను గోడమీద ఎవరిదో ఒక పేరు ముందు నిలబెట్టి, తుడుస్తానని కళ్ళజోడు తీసుకుని, ఇదిగో ఇదే అని చెయ్యి పట్టుకుని అక్షరాలు తడిమించాలి.

ప్రారంభం రోజున కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, అద్దాలు తానే రెండుసార్లు తుడుచుకుని, కర్ర తాటించుకుంటూ అందరికంటే ముందు గోడ దగ్గరికి నడిచింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. ముక్కు రాతికి తగిలేంత దగ్గరగా వంగి మళ్ళీ చూసింది.

"చూపు మొత్తం పోయినట్టుందే," అంది మెల్లగా. "ఏమీ కనబడటం లేదు."

మనవరాలు గోడవంక చూసింది. నున్నగా, నల్లగా, ఇద్దరి నీడలూ కనబడేంత మెరుస్తోంది. ఒక్క అక్షరం లేదు.

"నీ చూపు బాగానే ఉందమ్మమ్మా. గోడమీదే ఏమీ లేదు."

ఎందుకు లేదో మైకులో అధికారి వివరించాడు. పుస్తకాలాయన కనిపెట్టిన ఉపాయాన్ని కార్యాలయం మెచ్చుకుని, అన్ని పాత పడవలకూ వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చిందట. వారం రోజుల్లో నలభై ఒక్క పడవలు ఒడ్డుకు చేరాయి. నూట తొంభై మంది ఏడో వార్డులో, ఆఖరి మెట్టుమీద, అలసటతో మరణించారు. (ఆ మెట్టు వెడల్పు మూడడుగులు.) ఈ రేవు నుంచి వెళ్ళి తిరిగి రానివాడు చరిత్రలో ఒక్కడూ లేడని తేలినందున కార్యాలయానికి ఉత్తమ భద్రతా పురస్కారం వచ్చింది. దాన్ని ఈ గోడమీదే పెట్టబోతున్నారు, అధికారి పేరుతో సహా. జనం చప్పట్లు కొట్టారు. పుస్తకాలాయన మాత్రం వెనక వరసలో కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు.

చప్పట్లు ఆగాక అమ్మమ్మ కర్ర ఊతంతో అధికారి దగ్గరికి వెళ్ళింది. ధ్రువపత్రం చాపింది.

"అందరూ వచ్చేశారంటున్నావు కదా బాబూ. ఆ మెట్టుమీద ఆ వేళప్పుడు నేనే ఉన్నాను. మా ఆయన నాకు కనబడలేదే."

అధికారి పత్రం తీసుకుని శ్రద్ధగా చదివాడు. ముద్ర సరిచూశాడు, వేళ సరిచూశాడు, సంతకం సరిచూశాడు. ఆవిడ మందపాటి అద్దాలవంక జాలిగా చూశాడు.

"రికార్డులో స్పష్టంగానే ఉంది బామ్మగారూ," అన్నాడు. "మీరొకసారి కళ్ళు చూపించుకోండి."