ఆముదం రాసిన వంటిల్లు

ఆ రోజు పొద్దున కామేశ్వరి అనుకున్న పనులు ఒకదాని తరువాత ఒకటి జరిగిపోవాల్సినవే. ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి కొత్త ఇల్లు చూసి సంతకం పెడతాడు. ముహూర్తానికి ఆవు గడప దాటుతుంది. దాని వెనక తను లోపలికి పోయి, తన పొయ్యి మీద పాలు పొంగిస్తుంది. మధ్యాహ్నం తోడికోడలు లక్ష్మీదేవమ్మ పెత్తనం లేని వంటింట్లో తొలి ముద్ద తింటుంది.

కాపురానికి వచ్చిన నాటినుంచి ఉప్పు డబ్బా మూత తీయాలన్నా ఆమె లక్ష్మీదేవమ్మను అడగాల్సిందే. భర్త రంగనాయకులు మార్కాపురం బజారులో పలకల వ్యాపారి. అన్నతో కలిసి ఉన్న ఇంట్లోంచి ఆయన్ను కదిలించి వేరే ఇల్లు కట్టించేసరికి ఆమె తల నెరిసింది. మరునాటినుంచి ఆషాఢం. ఈ ముహూర్తం తప్పితే శ్రావణం దాకా మళ్ళీ ఆ ఉప్పు డబ్బా దగ్గరే.

మద్రాసు సర్కారు ఆరోగ్య చట్టం తెచ్చిన తరువాత, పంచాయతీ బోర్డు ఇన్‌స్పెక్టరు అనుమతి కాగితం ఇవ్వందే కొత్త ఇంట్లో ఎవరూ కాపురం ఉండకూడదు. ఇన్‌స్పెక్టరు ఉమామహేశ్వర్లు గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కొలబద్ద, రూళ్ళ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి గడప మీద కాలు వేయబోయాడు.

"ఆగు నాయనా!" కామేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆవు ఇంకా అడుగు పెట్టలేదు. నువ్వు ముందు పోతే ఎట్ల?"

"లోపలికి వెళ్ళకుండా కిటికీలు ఎలా కొలవనమ్మా?"

"బయటనుంచి కొలుచుకో. లోపల ఇంకో కిటికీ ఉంటుందా ఏంది?"

"రూలు ఒప్పుకోదు. నేను చూడకముందు మీరు పొయ్యి వెలిగించినా కాపురం కిందే లెక్క. కేసు రాస్తాను."

రంగనాయకులు ఇద్దరి మధ్యకు వచ్చాడు. "ఆవు మనిషి కాదు గదా సార్. అది ముందు పోతుంది. దాని వెనక మీరు పోండి. మీ వెనక మేము వస్తాం."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తిరగేశాడు. ఆవు గడప దాటకూడదని ఎక్కడా లేదు. ఒప్పుకున్నాడు.

తర్లుపాడు రైతు మాలకొండయ్య తన ఆవును పసుపు కుంకాలతో తోలుకొచ్చాడు. అది పుట్టినప్పటినుంచి మట్టి తప్ప మరో నేల తొక్కలేదు. కొత్త ఇంట్లో నేలంతా పలకరాయి. దుకాణంలో పలక చూపించేముందు దాన్ని ఆముదపు గుడ్డతో తుడిచి నలుపు తేల్చడం రంగనాయకులికి అలవాటు. ముందురోజు సాయంత్రం ఇంటికి కూడా ఆ పనే చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆవు నడవలో జారుతూ పోయి, వంటింట్లో నాలుగు కాళ్ళు నాలుగు వైపులకు చాపి కూలబడింది. ఇక లేవనన్నది.

"శెట్టీ, ఇది నేలనా, జారుడుబండనా?" అన్నాడు మాలకొండయ్య, తానూ గోడ పట్టుకుని.

కామేశ్వరి భర్త వైపు తిరిగింది. "ఏం పూసినారు?"

"కొంచెం ఆముదం. మెరుస్తుందని."

"ఇంటిని కూడా అమ్మకానికి పెట్టినారా?"

గుమ్మం దగ్గరనుంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది. "వంటింట్లో పశువు. పశువుల కొట్టం వంటింటికి ఎడంగా ఉండాలి. దీన్ని ఇల్లని ఎలా రాయను?"

"అది జారి పడింది నాయనా, కాపురానికి రాలేదు!"

"లేచి వెళితే అలాగే రాస్తాను."

మాలకొండయ్య ముందునుంచి లాగాడు. రంగనాయకులు వెనకనుంచి నెట్టబోయి తానే బోర్లా పడ్డాడు. అరుగు మీదనుంచి పురోహితుడు ముహూర్తం దాటిపోతున్నదని కేకలు పెట్టాడు. చూసి చూసి ఇన్‌స్పెక్టరుకు విసుగొచ్చింది.

"తోక మెలిపెట్టాలయ్యా, తోక!" అంటూ లోపలికి నడిచాడు.

"ఆముదం, నాయనా!"

"నాకు చెప్పకండి."

రెండో మాట ఆయన నోటినుంచి రాలేదు. పడిన చప్పుడుకు ఆవు బెదిరి, ఒక్క ఊపున లేచి పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. అది కూర్చున్న చోట ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. చీలమండ బెణికింది.

"కాపడం పెట్టండమ్మా, ప్రాణం పోతోంది!"

"పొయ్యి వెలిగిస్తే కేసు రాస్తానంటివే?"

"వెలిగించండమ్మా తల్లీ!"

కామేశ్వరి వెలిగించింది. ఒక పొయ్యి మీద నీళ్ళు కాగాయి, రెండో పొయ్యి మీద పాలు ముహూర్తం దాటకముందే పొంగాయి. ఇన్‌స్పెక్టరు కాపడం పెట్టించుకుని, పాలు తాగి, పప్పన్నం తిని, చాప మీద కునుకు తీశాడు. లేవగానే రంగనాయకులు పక్కన కూర్చున్నాడు.

"కాగితం లేని ఇంట్లో తిని పడుకున్న మొదటి మనిషి మీరే సార్. కేసు ఎవరి పేరున రాస్తారు?"

ఇన్‌స్పెక్టరు కలం అడిగాడు. గాలి, వెలుతురు బాగున్నాయని రాసి సంతకం పెట్టాడు. నేల సంగతి ఎత్తలేదు.

అంతా అయిందనుకునే వేళకు లక్ష్మీదేవమ్మ పళ్ళెంలో పసుపు కుంకుమతో వచ్చింది. కిటికీలకేసి, కాగితం కేసి చూసి మూతి తిప్పింది.

"ఈ కొలతలేంది, ఈ కాగితాలేంది కామేశ్వరీ? మా ఇంటికి ఒక్క కిటికీ లేదు. బర్రెను వంటింటి గోడకే కట్టేసుకుంటాం. ఇన్నేండ్లలో ఎవడన్నా వచ్చి అడిగినాడా?"

ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. "మీ ఇల్లు ఎక్కడమ్మా?"

కామేశ్వరి కళ్ళతో సైగ చేసింది. లక్ష్మీదేవమ్మ చూడలేదు.

"వెనక బజారే నాయనా. రా, చూద్దువు గాని. మా మామగారు కట్టించిన ఇల్లు."

ఇన్‌స్పెక్టరు మాలకొండయ్య భుజం పట్టుకుని కుంటుతూ పోయి చూశాడు. ఆ ఇల్లు బర్రెకు పనికొస్తుంది, కిటికీలు పెట్టేదాకా మనుషులకు పనికిరాదు అని రాసిచ్చాడు. ఆషాఢంలో గోడకు గునపం తగిలించనని మేస్త్రీ చెప్పాడు.

దీపాలు పెట్టే వేళకు బావగారి పెట్టెలు, పరుపులు కొత్త ఇంటికి చేరాయి. లక్ష్మీదేవమ్మ జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, ఉప్పు డబ్బాను గూట్లో పెట్టింది.

"ఉప్పు కావాల్నంటే అడుగు కామేశ్వరీ. మొహమాటపడొద్దు."

ఆ రాత్రి ఇన్‌స్పెక్టరు మరిచిపోయిన రూళ్ళ పుస్తకాన్ని కామేశ్వరి భర్తచేత మొదటినుంచి చివరిదాకా చదివించింది. వంటింటికి కిటికీలు ఎన్ని ఉండాలో అందులో ఉంది. తోడికోడళ్ళు ఎంతమంది ఉండవచ్చో లేదు.