నెట్ మీటరు రాకముందే

నేను చీపురుపల్లి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మధ్యలో తెలిస్తే మీరు మరీ ఎక్కువ నవ్వుతారు.

రెండు వేల పదిహేడు ఏప్రిల్లో మా మేడ మీద సోలార్ పలకలు పెట్టించాలనుకున్నాను. ఖర్చులో ముప్పై శాతం ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందని పేపర్లో చదివాను. మా ఆవిడ జ్ఞానసుందరి మోటారు మిషను మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు కుడుతోంది. ఆ చప్పుడులో నా మాట ఆమెకు సగమే వినబడింది.

“సాలూరా? ఆ లారీల ఊర్లో లారీ కొంతావేటి బావా?”

“సాలూరు కాదే, సోలారు. ఎండలోంచి కరెంటొస్తాది. మనం వాడగా మిగిలింది కరెంటోళ్లకే అమ్మీడం. బిల్లు సున్నా.”

“సున్నా అని ఎవులు సెప్పినారు?”

“ప్రమోద్.”

ప్రమోద్ పలకలు అమ్మే ఏజెంటు. అతని మాటల్లో సగం ఇంగ్లీషు, సగం సబ్సిడీ. మధ్యలో మా ఇంటి టీ.

వారంలో పలకలు బిగించారు. వెళ్తూ వెళ్తూ ప్రమోద్ ఒక మాట చెప్పాడు. “సార్, కరెంటాఫీసు నుంచి వొచ్చి నెట్ మీటరు పెడతారు. మనం తీసుకున్నదీ ఇచ్చినదీ అది వేరువేరుగా లెక్కెడతాది. అంతదాకా ఈ స్విచ్చి ముట్టుకోకండి.”

రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు ఎండ నిప్పులు పోసినట్టు కాసింది. అంత ఎండ ఊరికే నేలపాలవుతుంటే చూడలేకపోయాను. కరెంటు వెనక్కి పోతే పాత మీటరూ వెనక్కే తిరుగుతుందని నాకు నేనే పాఠం చెప్పుకుని, స్విచ్చి వేశాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త చట్టం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏదీ వేయకూడదు. ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, అన్నీ బంద్. పగటి కరెంటంతా అమ్మకానికే.

“మే నెల్లో ఫ్యాను లేకుండా ఉండమంతావేటి?”

“తాటాకు విసనకర్రుంది కదే.”

“మరి జాకెట్లో? జూన్లో పెళ్లిళ్లున్నాయి. పదకొండున్నాయి నా దగ్గర.”

“కాళ్లతో తొక్కు. వ్యాయామం.”

ఆమె నా వైపు చూసింది. ఆ చూపునే మీటరుకి కలిపితే ఊరంతా వెలిగేది.

వేసవి సెలవులు కాబట్టి నేనే కాపలా. బనీను పిండితే చెంబుడు నీళ్లు వచ్చేవి. దేశం కోసం చెమట కారుస్తున్నానని తృప్తిగా ఉండేది.

మొదటి బిల్లు వచ్చింది. ఎప్పుడూ నూట ఎనభై యూనిట్లు దాటని మా ఇల్లు మూడు వందల పది చూపించింది.

“నువ్వు దొంగతనంగా మిక్సీ వేస్తన్నావు,” అన్నాను.

“రోట్లో రుబ్బి నా రెక్కలు పడిపోతన్నాయి. మిక్సీయట, మిక్సీ.”

కట్టడి చాల్లేదని తేలింది. ఫ్రిజ్ కూడా పగలు ఆపేశాను. పాలు విరిగాయి. తర్వాతి బిల్లు మూడు వందల నలభై ఐదు.

ఆ రోజు మధ్యాహ్నం సుందరి మీటరు ముందు పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచింది.

“బావా, ఇటు సూడు. ఇంట్లో అన్నీ కట్టీసి ఉంటే ఈ ఎర్ర దీపం గబగబా కొట్టుకుంతంది. ఇప్పుడే మిషను వేసి, ఇస్త్రీపెట్టె కూడా ఎట్టి సూసినాను. నెమ్మదయిపోనాది.”

“అంటే ఎక్కువ వాడితే తక్కువ బిల్లొస్తాదా? అలాగ ఏ సూత్రంలోనూ లేదు.”

“సూత్రం సంగతి నాకు తెల్దు. దీపం సంగతి సెప్తన్నాను.”

“సిలబస్‌లో లేనిది నమ్మకూడదు సుందరీ.”

ఆమె పీట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

జూన్ రెండో వారంలో బడి తెరిచారు. కాపలా పోయినా, చట్టం అలవాటైంది కదా అని ధైర్యంగా వెళ్లాను. జూలై బిల్లు రెండు వందలకి దిగింది. ఆ బిల్లు స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద పురుషుల సమాజానికి పొదుపు గురించి పావుగంట మాట్లాడాను. సుందరి పక్కనే నిలబడి తలూపింది. ఒంటి మీద కొత్త చీర, దానికి ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. నాకు అనుమానం రాలేదు.

మర్నాడు సాయంత్రం లైన్‌మేన్ అప్పలస్వామి నెట్ మీటరు పట్టుకుని వచ్చాడు. స్విచ్చి చూసి ఆగిపోయాడు.

“ఇది ఎవులు వేసినారు మాస్టారూ?”

“నేనే. రెండు నెలలు దాటింది.”

“ఈ పాత మీటరుకి ఎనక్కి తిరగడం రాదండి. కరెంటు లోపలికొచ్చినా, బయటికి పోయినా ఒకటే. లెక్కెట్టీడమే దాని పని. పలకల కరెంటు ఇంట్లో వాడీసుకుంటేనే మీకు తక్కువ పడతాది. మిగిల్చిందానికల్లా మీరే డబ్బు కడతన్నారు.”

నేను సుందరి వైపు చూశాను.

“అందుకే నువ్వు బడికెళ్లీసరికి అన్నీ వేసీదాన్ని,” అంది ప్రశాంతంగా. “పదకొండు జాకెట్లూ అయిపోనాయి. పక్కింటోళ్ల పప్పు కూడా రుబ్బి ఇచ్చినాను.”

“మరి చెప్పలేదే?”

“సెప్పినాను. సిలబస్‌లో లేదన్నావు.”

అప్పలస్వామి తన పనిముట్ల సంచిలో ఏదో తెగ వెతికాడు. అనుమతి లేకుండా స్విచ్చి వేసినందుకు ఆఫీసులో సంజాయిషీ రాసివ్వాలన్నాడు. మీటరు మా మావగారు ఇచ్చిన ఇంటిది, సుందరి పేరు మీదుంది. కాబట్టి ఆమే రాసింది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. కవరు అంటించి నా చేతికిచ్చింది.

ఆఫీసులో ఇంజినీరు కుర్చీలో కూర్చున్నది సంజయ్. తొమ్మిదో తరగతిలో విద్యుత్తు పాఠం మీద పెట్టిన పరీక్షలో అతనికి నేను వందకి ముప్పై రెండు వేశాను. లేచి నమస్కారం పెట్టి, కవరు చించి, సిబ్బంది వినేలా చదివాడు.

“నా భర్త సీమోను గారు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు అయినందువల్ల, ఎవరినీ అడగకుండా స్విచ్చి వేసినారు. ఇకమీదట ఆయన్ని స్విచ్చిల దగ్గరికి రానివ్వనని హామీ ఇస్తున్నాను.”

ఎవరూ నవ్వలేదు. టైపు కొడుతున్నాయన మాత్రం టైపు ఆపేశాడు.

సంజయ్ కాయితాన్ని నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి మరీ అందించాడు.

“కింద మీరు కూడా సంతకం పెట్టాల సార్. చదువుకుని పెట్టండి, తొందరేం లేదు.”

చదువుకునే పెట్టాను. రెండు అక్షరదోషాలైనా దొరుకుతాయేమోనని వెతికాను. దొరకలేదు.