టైలరమ్మ కుట్టిన దొంగ

ఆ ఉదయం టైలరమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఇన్‌స్పెక్టరుగారి కొత్త యూనిఫాం ప్యాంటుకు నడుంపట్టీ వేసి ఇస్త్రీకి పడేయాలి. తమ్ముడు వస్తే వాడి కొత్త చొక్కా చేతిలో పెట్టి సాగనంపాలి. ఎన్నాళ్లుగానో ఖాళీగా తిరిగిన తమ్ముడికి బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నంలోగా చేరకపోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు.

టైలరమ్మ మెడలో టేపు ఉంటుంది గానీ అది అలంకారానికే. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి కొలతలు గడగడా చెప్పేస్తుంది. అనుమానంతో టేపు పెట్టి చూసుకున్నవాళ్లు కూడా చివరికి టేపునే అనుమానించేవారు. వీధిలో అంతమంది టైలర్లుండగా జనం ఈవిడ దగ్గరికే రావడానికి కారణం ఆ కన్నే. ఆ కంటి మీదే ఇల్లు గడుస్తోంది.

నడుంపట్టీ సగంలో ఉండగా ఎవడో లోపలికి దూరాడు. బల్ల మీది పెద్ద కత్తెర లాక్కుని ఆవిడ ముఖం ముందు ఆడించి, మిషను పక్కనున్న సెల్‌ఫోను జేబులో వేసుకుని ఉడాయించాడు. గుండీలు కుడుతున్న భర్త ఆ వేళకే బల్లకింద క్షేమంగా ఉన్నాడు.

కబురందుకుని కానిస్టేబుల్ వచ్చాడు.

"దొంగ ఎలా ఉన్నాడమ్మా?"

"నడుము నలభై రెండు, సీటు నలభై ఆరు, పొడవు నలభై ఒకటి!" అని ఆవిడ కళ్లు మూసుకుని అప్పజెప్పేసింది.

కానిస్టేబుల్ తన సర్వీసులో ఇంత చక్కటి సాక్ష్యం వినలేదు. "భేష్! మరి ముఖం?"

"నడుం దాకా స్పష్టంగా ఉందండీ. ఆ పైన గుర్తు రావట్లేదు."

ఆ పైభాగం పూర్తి చేసే పని భర్త తీసుకున్నాడు. "గుబురు మీసాలండీ, ఇంతింత!" బల్లకింది నుంచి మీసాలు ఎలా కనబడ్డాయని ఎవరూ అడగలేదు. కాసేపటి క్రితం దాకా ఏమీ చూడలేదన్న పక్క మందుల షాపాయన కూడా, "అవునవును, వాడు పరిగెడుతుంటే నా షాపు అద్దాలు అదిరాయి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మం నిండా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. భారీ శరీరం, గుబురు మీసాలు.

"అక్కా, చొక్కా అయిందా?"

కానిస్టేబుల్ ఆవిడ మెడలోంచి టేపు లాగి తమ్ముడి నడుముకు చుట్టాడు. నలభై రెండు. "పద స్టేషనుకి!"

"నేనిప్పుడే బస్సు దిగాను సార్! అక్కా, నువ్వైనా చెప్పవే!"

"వాడు నా తమ్ముడండీ!"

"కొలతలిచ్చింది మీరే కదమ్మా. మీ కన్ను తప్పదని అందరికీ తెలుసు."

ఆవిడ జ్ఞాపకంలో కత్తెర వెనక ఖాళీగా ఉన్నచోట మెల్లగా తమ్ముడి ముఖమే కనబడటం మొదలైంది. ఆవిడ నిజంగా హడలిపోయింది అప్పుడే.

స్టేషనుకు సగం వీధి కదిలింది. అందులో ముప్పాతిక మంది ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లే. దారిలో భర్త చెవిలో గొణిగాడు. "దొంగ నీ తమ్ముడు కాదని చెప్పు, చాలు. నీ కన్ను తప్పిందని మాత్రం నోరు జారకు. రేపట్నుంచి మన దగ్గర రుమాలు కూడా కుట్టించుకోరు."

"కొలతలు తప్పా, తమ్ముడు తప్పా? ఏదో ఒకటి తేల్చండమ్మా" అంటూ ఇన్‌స్పెక్టరుగారు లేచి, ప్యాంటు పైకి లాక్కున్నారు.

ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది.

"సార్, ఒక్కసారి నిటారుగా నిలబడండి."

ఆయన్ని అలా నిలబెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆయన నిలబడ్డారు. ఆవిడ టేపు చుట్టింది. నడుము నలభై రెండు, పొడవు నలభై ఒకటి. కానిస్టేబుల్ చెయ్యి అలవాటుకొద్దీ బేడీల దాకా వెళ్లి, గతుక్కుమని వెనక్కి వచ్చింది.

"నేను దొంగని చూడలేదు సార్," అంది ఆవిడ, అందరికీ వినబడేలా. "కత్తెర మొన చూశాను. మిషను మీదున్న మీ ప్యాంటు చూశాను. మధ్యలో మనిషిని భయంలో నేనే కుట్టేశాను. నా కన్ను తప్పింది. మా వాణ్ణి వదిలేయండి."

భర్త తల పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, కత్తెరకు ఎదురు నిలబడటానికి అంత గుండె అక్కర్లేదు. కూడు పెట్టే కన్ను తప్పిందని, ఆ కంటిని నమ్మి వచ్చేవాళ్ల ముందే ఒప్పుకోవడానికి కావాలి. ఆ రోజు ఆ గదిలో అంత గుండె ఉన్నది ఆవిడ ఒక్కదానికే.

తమ్ముడు పాత చొక్కాతోనే పరిగెత్తి, వేళకు ఉద్యోగంలో చేరాడు. సాయంత్రం ఫోను అమ్మబోతూ అసలు దొంగ దొరికాడు. నున్నటి మూతి, బక్కపలచటి ఒళ్లు. టైలరమ్మ భుజం దాకా వచ్చాడు.

మర్నాడు షాపు అద్దెకిస్తామని బోర్డు రాయించాలనుకుంటూ భర్త షట్టరు ఎత్తాడు. బయట గుడ్డలు పట్టుకుని జనం బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు ఒక ముసలాయన.

"ఇన్నేళ్లలో ఎంతమంది టైలర్లని చూశానో! చొక్కా బిగుతైతే నువ్వే లావయ్యావన్నవాళ్లే అందరూ. తప్పు నాదే అన్న టైలర్ని చూడటం ఇదే మొదలు. కొలువు తల్లీ!"

ఆవిడ నవ్వి, మెడలోంచి టేపు తీసింది.

తన నడుము నలభై రెండన్న సాక్ష్యాన్ని మాత్రం ఇన్‌స్పెక్టరుగారు ఇంతవరకూ ఒప్పుకోలేదు.