రోబోకు ఎదురొచ్చిన కాంతమ్మ

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలోని మా గోడౌనులో ఆరు రోబోలు సుముహూర్తాన విధుల్లో చేరిన సంగతి ప్రజలకు సగర్వంగా తెలియజేస్తున్నాం. ఫోనులో మీరు ఆర్డరు పెట్టే పసుపు, కుంకుమ, గాజులు, వ్రతం కిట్లు ఇక్కడి నుంచే బయల్దేరతాయి. రోబో అంటే చేతులూ కాళ్లూ ఉంటాయని ఆశపడకండి. నడుమెత్తు బండి, పైన ఒక తెర, అంతే. ఏ సరుకు ఏ ర్యాకులో ఉందో అదే వెతుక్కుంటూ పోయి నిలబడుతుంది. మనిషి ఆ సరుకు తీసి దాని బుట్టలో వేయాలి. దారిలో మనిషి ఎదురైతే ఆగుతుంది, తప్పుకున్నాక కదులుతుంది. ఈ చివరి సంగతి వాడకం పుస్తకంలో మూడో పేజీలో ఉంది. మా మేనేజరు ఈశ్వరప్పగారు రెండో పేజీ దాకా చదివారు.

ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టుకున్నాం. రోబోలతోపాటు బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు శ్వేత పదిన్నరకు మీట నొక్కబోతే, రాహుకాలమని ఈశ్వరప్పగారు గంటన్నర ఆపారు. తీరా పూజకు కుంకుమ లేదు. కుంకుమ గోడౌనులోనే కుంకుమ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. పదకొండేళ్లుగా సరుకు తీసే పని చేస్తున్న కాంతమ్మ పోయి పద్నాలుగో ర్యాకు కింది అర నుంచి చిటికెలో తెచ్చిచ్చింది. అందుకు కృతజ్ఞతగా ఈశ్వరప్పగారు, "కాంతమ్మా, నువ్వు రోంతసేపు ఆ అట్టపెట్టెల యెనకాల నిలబడుకోమ్మా, ఏమనుకోబాక," అన్నారు. ఆమె భర్త పోయి ఆరేళ్లయింది. ఏమీ అనుకోకుండా పోయి నిలబడింది, అలవాటే కాబట్టి.

అప్పుడు ఈశ్వరప్పగారి సతీమణి మాలతిగారు పళ్లెంలో పసుపు కుంకుమలతో రోబోకు ఎదురొచ్చారు. రోబో ఆగింది. చప్పట్లు మోగాయి.

"చూశారా!" అని ఈశ్వరప్పగారు మైకు అందుకున్నారు. "యంత్రమైనా మన సంప్రదాయం ముందు తలవంచింది. ముత్తైదువ ఎదురైతే ఆగి నమస్కరించే రోబో భూప్రపంచంలో మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు."

దానికి తల లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. శ్వేత ఏదో చెప్పబోయి నోరు తెరిస్తే ఆ నోట్లో లడ్డు పెట్టారు.

మరునాడు కాంతమ్మ గాజుల పెట్టెతో రోబోకు ఎదురొచ్చింది. రోబో ఆగింది. ఈసారి చప్పట్లు లేవు. "పానం లేనిదానికి గూడా తెలిసిపోయెనే," అని ఈశ్వరప్పగారు నిట్టూర్చారు. ఆ పూట పలమనేరు పోవలసిన రెండు పెట్టెలు కలికిరి పోయాయి. పెట్టెల మీద చీటీలు అంటించింది ఈశ్వరప్పగారి బామ్మర్ది అయినా, తప్పు మాత్రం కాంతమ్మ నెత్తిన పడింది.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. రోబోల సంక్షేమం దృష్ట్యా శ్రీమతి కాంతమ్మ ఇకపై వాటికి వెనక నుంచే రావలెను, ముందు నుంచి రారాదు. టైపు చేసింది ఇక్కడి గుమాస్తానైన నేనే. రోబోలు ర్యాకుల దగ్గరికి పోయి దీపాలు మిణుకు మిణుకుమంటూ నిలబడేవి. ఆమె గోడౌను చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చేసరికి అవి ఇంకో ర్యాకుకు పోయేవి. నెలంతా ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. కారణమూ కాంతమ్మే అని తేలింది. వచ్చే నెల నుంచి ఆమెను కుప్పం గోడౌనుకు బదిలీ చేస్తూ ఇంకో ఉత్తర్వు. అదీ నేనే టైపు చేశాను. ఆమె ఉండే నిమ్మనపల్లె నుంచి రోజూ కుప్పం పోయి రావడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో ఇంటర్ చదివే కూతురుంది, ఈ జీతం తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. కుప్పం పొమ్మనడమంటే పని మానుకోమనడమే.

ఆలస్యం ఎందుకో చూడడానికి శ్వేత మళ్లీ వచ్చింది. కాంతమ్మ ఆమెను పక్కకు పిలిచి అడిగింది.

"ఏమ్మా, నన్ను సూస్తే ఇది యాల నిలబడతాది?"

"మనిషి కనబడితే నిలబడుతుందమ్మా, అంతే."

"నొసట బొట్టుండాదా లేదా సూడదా?"

"చూడదు."

"అయితే ఈ గోడౌనులో నన్ను మనిషని సూసేది ఇదొక్కటేనా," అని కాంతమ్మ కొంగుతో దాని తెర మీది దుమ్ము తుడిచింది. పక్కనే ఉన్న నాకు చాలా సిగ్గేసింది. టీ వచ్చేదాకా ఉంది ఆ సిగ్గు.

మరునాటి సమావేశంలో శ్వేత రోబోల నివేదిక చదివింది. అందరి మెడల్లోని కార్డులను అవి గుర్తుపడతాయట, ఎవరి కోసం ఎన్నిసార్లు ఆగాయో రాసిపెట్టుకుంటాయట. నెలలో కాంతమ్మ కోసం ముప్పై తొమ్మిదిసార్లు. ర్యాకుల నడుమ నిలబడి ఫోను మాట్లాడే ఈశ్వరప్పగారి కోసం నాలుగు వందల పన్నెండుసార్లు. ఈ లెక్కన గోడౌనుకు పట్టిన శని ఎవరో అందరికీ అర్థమైంది, అందరూ ఫ్యాను వైపు చూశారు.

ఈశ్వరప్పగారు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. లేచి గొంతు సవరించుకున్నారు. "నా కోసం ఆగినవి గౌరవంతో ఆగినవి. ఆమె కోసం ఆగినవి భయంతో ఆగినవి. తేడా గమనించాలి." ఆ మాటనే తీర్మానంగా ఏకగ్రీవంగా ఆమోదించాం. నేనూ చెయ్యెత్తాను.

అయినా బదిలీ ఆగింది. న్యాయం గెలిచిందని కంగారు పడకండి. కుప్పం మేనేజరు ఉత్తరం రాశాడు: "మాకూ రోబోలు వస్తాండాయి, ముహూర్తం పెట్టుకున్నాం. ఆమెను ఈడికి పంపబాకండి." వద్దన్నవాళ్ల పుణ్యాన కాంతమ్మ పని నిలిచింది.

ఇక శకునాల సమస్య మిగిలింది. ఎవరు ముత్తైదువో ఎవరు కాదో రోబోకు నేర్పమని తయారీ కంపెనీకి రాశాం. అది తమ వల్ల కాదని జవాబొచ్చింది. దాంతో ఒక్కో రోబోకు ముందు నడుస్తూ ఎదురొచ్చేది ఎవరో చూసి చెప్పడానికి ఆరుగురిని కొత్తగా నియమించాం. పని తగ్గించే యంత్రాల వల్ల ఆరుగురికి పని దొరకడం మా గోడౌను సాధించిన ఘనత. కానీ ఎదుట మనిషి ఉన్నాడని రోబోలు ఆగిపోయాయి. రోబో కదలలేదని ఆ మనుషులూ ఆగిపోయారు. ఇప్పటికీ పన్నెండుమందీ అలాగే నిలబడి ఉన్నారు. ఆర్డర్లన్నీ కాంతమ్మే బుట్ట చంకన పెట్టుకుని, పదకొండేళ్లుగా తీస్తున్నట్టే తీస్తోంది. ఒక్కటీ ఆలస్యం కావడం లేదు.

పోయిన శుక్రవారం వ్రతానికి మీరు తెప్పించుకున్న కిట్టు వేళకు అందిందని అయిదు నక్షత్రాలు ఇచ్చారు, సంతోషం. అందులోని పసుపు, కుంకుమ, గాజులు ఒక్కొక్కటీ తీసి పెట్టినవి కాంతమ్మ చేతులే. తిరిగి పంపదలచుకుంటే ఏడు రోజుల గడువుంది. కారణం అన్న గడి మాత్రం ఖాళీగా వదలకండి. అది మాత్రం నేను టైపు చేయను, మీ చేత్తో మీరే రాయాలి.