కుమ్హారి వెళ్ళకూడదని పీకిన వైరు

కొర్నేలికి తన మోటార్ సైకిలంటే ప్రాణం. పదకొండేళ్ళుగా రోజూ పాత బనీనుతో దాన్ని తుడుస్తున్నాడు. బండి మీద ఈగ వాలినా ఆ ఈగ ఏ క్వార్టర్ల లైనుదో కనుక్కునే రకం.

అలాంటి మనిషి ఆ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి, భిలాయి సెక్టార్ ఐదులోని తన క్వార్టర్ వరండాలో దొంగలా చతికిలబడి, సొంత బండి సీటు ఎత్తి ఒక వైరు లాగాడు.

పూర్తిగా పీకలేదు. ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ దగ్గర పసుపు చార ఉన్న నల్ల వైరొకటి ఉంటుంది. దాన్ని క్లిప్పులోంచి రవ్వంత వెనక్కి లాగి, చూసేవాళ్ళకి తగిలే ఉన్నట్టు అమర్చాడు. ఇక లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రీషియన్ అతను. లోకం చేసిన లూజ్ కనెక్షన్లు వేలకొద్దీ బిగించాడు గాని, తన చేత్తో ఒకటి తయారుచెయ్యడం అదే మొదలు. పని ఎంత నాజూగ్గా వచ్చిందంటే కాస్త గర్వం కూడా కలిగింది.

ఇంత పాపానికి కారణం ఆ రోజు వెళ్ళాల్సిన పక్క ఊరు కుమ్హారి. అక్కడ అతని భార్య విమలకుమారి చెల్లెలు ఏంజెలా ఉంటుంది. ఏంజెలాతో అతనికి ఏ గొడవా లేదు. ఆవిడ చేసే చేపల పులుసుతో అసలే లేదు. గొడవంతా ఆవిడ మొగుడు, రైల్వే గార్డు భుజంగరావుతోనే. ఆయనకి చుట్టాలంతా పెట్టిన పేరు టైంటేబుల్ భుజంగరావు.

పోయినసారి ఆయన కన్యాకుమారి యాత్ర విశేషాలు మూడు గంటలు చెప్పాడు. అందులో సముద్రం గురించి ఒక్క ముక్క లేదు. "బల్లార్షాలో పదకొండు నిమిషాలు లేటన్నయ్యా. కాజీపేటకొచ్చేసరికి అది మూడైపోనాది. ఎలగైందో సెప్పుకో సూద్దాం!" అంటూ కొర్నేలి తొడ మీద చరిచేవాడు. కాజీపేటలో మొదలైన తొడనొప్పి నాగర్‌కోయిల్ దాకా తగ్గలేదు.

రానని చెప్పొచ్చు కదా అంటే, చెప్పాడు. కిందటేడు ఒకసారి చెప్పాడు. తర్వాత నెలరోజులు విమలకుమారి అతనికి నీళ్ళచారు పోసింది.

వారమంతా నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఒక్క ఆదివారం కన్నుమూసుకునే హక్కు లేదా? ఇదెక్కడి న్యాయం? తప్పు తనది కాదు, తనచేత ఆ వైరు లాగించినవాళ్ళది అని తీర్మానించుకుని కొర్నేలి చేతులు కడుక్కున్నాడు.

తర్వాత ఇద్దరూ నడిచి చర్చికి వెళ్ళారు. అయ్యగారు సరిగ్గా ఆ రోజే అబద్ధం గురించి ప్రసంగం చేశారు. యాభై రెండు ఆదివారాలుండగా ఇవాళే దొరికిందా అని కొర్నేలికి ఒళ్ళు మండింది.

తొమ్మిదిన్నరకి విమలకుమారి ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, చేతిలో కేరేజీతో బండి పక్కన నిలబడింది. కొర్నేలి కిక్కు కొట్టాడు. పది కొట్టాడు. ఇరవయ్యోదానికి నుదుటి చెమట తుడుచుకుని, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా తలాడించాడు.

"ఎక్కడో లూజ్ కనెక్షన్, విమలా."

"అయితే బిగించండి."

"ఎక్కడని బిగించను? బండి నిండా వైర్లే. ఒక్కొక్కటీ చూసుకురావాలంటే సాయంత్రం అవుద్ది."

"మిల్లు మొత్తం ఆగిపోతే పావుగంటలో లేపీనానని మొన్నేగా సెప్పినారు?"

"అది నాలుగువందల నలభై వోల్టులు. ఇది పన్నెండే."

"అంటే పెద్ద కరెంటైతే వొస్తాది, చిన్న కరెంటు మీకు రాదన్నమాట."

కొర్నేలికి పౌరుషం గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"బస్సులో ఎల్లిపోదాం పోనీ," అందామె.

"ఆ తోపులాటలో నీ కొత్త చీర ఏమైపోద్దో ఆలోచించావా?"

చీర మీద మొగుడికి అంత దయ పుట్టడం విమలకుమారి పెళ్ళయ్యాక చూడలేదు. అతని మొహంలోకి కాసేపు అలాగే చూసింది. "సరే, ఉండండి," అని కేరేజీ కింద పెట్టి గేటు దాటింది. చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి వెళ్ళిందనుకుని కొర్నేలి బూట్లు విప్పి మంచమెక్కాడు. కళ్ళు మూతలు పడుతుండగా బయట ఇనప సామాను గలగలమంది.

లేచి చూస్తే, బండి ముందు పానా శ్యామసుందర్!

నాలుగు క్వార్టర్ల అవతల ఉంటాడు. స్కూల్లో గుమాస్తా. భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు కాబట్టి తెలుగు వచ్చీరానట్టు మాట్లాడతాడు. చేతిలో పానా ఉంటే మాత్రం మనిషి ఆగడు. అతను బాగుచేసిన మిక్సీ ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది.

"భయ్యా, మీరు టెన్షన్ తీసుకోకండి," అన్నాడు శ్యామసుందర్. "ప్లగ్గులో కచరా వచ్చింది. పక్కా."

"ప్లగ్గు బాగానే ఉంది. నువ్వు ముట్టుకోకు."

"పోనీ మీరు చూస్తారేటి?" అంది విమలకుమారి.

చూస్తే దొరికిపోతుంది. దొరికితే కుమ్హారి. కొర్నేలి పక్కకి తప్పుకున్నాడు.

శ్యామసుందర్ ప్లగ్గు విప్పి చెత్త పోయేలా ఉప్పుకాగితంతో గీకాడు. ఆ చప్పుడు కొర్నేలి పళ్ళ మీద గీకినట్టుంది. కిక్కు కొడితే ఇంజను దగ్గను కూడా దగ్గలేదు. ఈలోగా గేటు దగ్గర జనం పోగయ్యారు. విమలకుమారి అందరికీ కుర్చీలు వేసి టీలు కూడా ఇచ్చింది. తన బండిని కళ్ళముందు కోస్తుంటే టీ పార్టీయా! ఇంత ఘోరం ఏ ఇంట్లోనైనా ఉంటుందా?

టీ గ్లాసు అందిస్తూ విమలకుమారి శ్యామసుందర్‌తో ఏదో అంది. వెంటనే అతను హుషారుగా ముందు లైటు విప్పాడు. లోపలున్న వైర్లన్నీ సేమియాలా బయటికి జారాయి.

"అరే బాప్‌రే," అన్నాడు శ్యామసుందర్ ఆనందంగా. "ఇన్ని ఉన్నాయా?"

"ఉంటాయి! పదకొండేళ్ళుగా ఒక్కటీ కదలకుండా ఉన్నాయి!" కొర్నేలి గొంతు కీచుమంది.

పక్క క్వార్టర్ అప్పయమ్మ ముసలావిడ. ప్రహరీ మీద మోచేతులు ఆనించి అంతా చూస్తోంది. "ఏటి కొర్నేలూ, కరెంటోడి బండికే కరెంటు లేదేటి? నువ్వు సూసుకోలేవా నాయినా?" అని జాలిపడింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఇద్దరు మిల్లువాళ్ళే. రేపు పొద్దున్న మొదటి షిఫ్టు కూత కూసేలోపు, కొర్నేలికి సొంత బండిలో లూజ్ కనెక్షన్ దొరకలేదట అనే వార్త ఫర్నేసు దాకా పాకిపోతుంది. ఇరవై రెండేళ్ళ పరువు! దాన్ని ఎవరు కాల్చాలి? ఉప్పుకాగితం పట్టుకున్న గుమాస్తానా?

అయినా పళ్ళు బిగించాడు. బల్లార్షా గుర్తు తెచ్చుకుని నిలదొక్కుకున్నాడు.

విమలకుమారి రెండో గ్లాసు టీ ఇచ్చి శ్యామసుందర్‌తో మళ్ళీ ఏదో అంది. అతను సంచిలో చెయ్యిపెట్టి పెద్ద కటింగ్ ప్లయర్ తీశాడు.

"భయ్యా, ఈ పురానా వైరింగంతా బేకార్. మొత్తం కట్ చేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం. దో మినిట్."

ప్లయర్ నోరు తెరుచుకుంది. పదకొండేళ్ళ వైర్ల గుత్తి దాని పళ్ళ మధ్యకి వెళ్ళింది.

"ఆపరా!" అని కొర్నేలి వేసిన కేకకి ప్రహరీ మీది పిల్లి దూకి పారిపోయింది. "నల్ల వైరు! పసుపు చార! సీటు కింద కాయిల్ దగ్గర! క్లిప్పు రవ్వంత వెనక్కొచ్చింది, అంతే! తియ్యి, చెయ్యి తియ్యి!"

విమలకుమారి చేతులు కట్టుకుంది.

"సీటు ఎవరూ ఎత్తనే లేదు. మీకెలగ తెలిసింది?"

"అనుభవం," అన్నాడు కొర్నేలి నేల చూస్తూ.

సీటు ఎత్తి బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. "దూరంగా నిలబడి చెప్పేశారు భయ్యా! మీరు గురువు!" అని శ్యామసుందర్ కాళ్ళకి దండం పెట్టబోయాడు. అప్పయమ్మ చేతులు గాలిలో తిప్పి మెటికలు విరిచి దిష్టి తీసింది. ఇరవై రెండేళ్ళలో కొర్నేలికి అంత పేరు ఎప్పుడూ రాలేదు. అంత దుఃఖమూ రాలేదు.

"ఎక్కనా?" అంది విమలకుమారి కేరేజీ అందుకుని.

లైటులో వైర్లన్నీ శ్యామసుందరే హడావుడిగా కలిపి మూత బిగించాడు. దాని ఫలితం మెయిన్ రోడ్డెక్కాక తెలిసింది. ముందు బ్రేకు నొక్కినప్పుడల్లా హారన్ మోగుతోంది. ఆవు అడ్డొచ్చినా హారన్, గతుకొచ్చినా హారన్. భిలాయి-3 అనే పేట దాటేలోపు లారీ డ్రైవరొకడు తల బయటపెట్టి, "క్యా భాయ్, బరాత్ హై క్యా?" అని పెళ్ళి ఊరేగింపు గురించి వాకబు చేశాడు.

వెనక సీట్లో విమలకుమారి భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోందని అద్దంలో కనిపించింది.

"ఎందుకా నవ్వు?"

"ఐదింటికి పాలకి లేచినాను. కిటికీలోంచి సూసినాను."

బండి కాస్త వంకర పోయింది. "చూసి ఊరుకున్నావా? చర్చిలో నా పక్కనే నిలబడి పాటలు పాడావా?"

"అడిగితే ఒప్పుకుంటారేటి? నీ కళ్ళే బాలేవంటారు. అంచేత మీ నోటితోనే సెప్పించాలనుకున్నాను. ప్లగ్గు గీకినా మీరు సెప్పలేదు. లైటు విప్పమన్నాను, సెప్పలేదు. అప్పుడు ప్లయర్ తీయమన్నాను."

"నువ్వా! వాడు నిజంగా కోసేసుంటే?"

"కొయ్యడు. పళ్ళ మధ్యన పెట్టు గాని నొక్కకు అని సెప్పినాను. ఎందుకో మాత్రం సెప్పలేదు."

కొర్నేలి కోపంతో బ్రేకు నొక్కాడు. హారన్ మోగింది. ఇద్దరి తరఫునా అదే మాట్లాడింది.

కుమ్హారిలో ఏంజెలా గుమ్మంలో ఎదురొచ్చింది. చేపల పులుసు వాసన వీధిదాకా ఉంది. కొర్నేలి యుద్ధానికి సిద్ధపడ్డవాడిలా ఛాతీ బిగించి లోపలికి అడుగుపెట్టాడు. భుజంగరావు కుర్చీ ఖాళీగా ఉంది.

"భుజంగరావేడీ?"

ఏంజెలా చీర కొంగు వేలికి చుట్టుకుంది. "డ్యూటీకెల్లినాడు బావా."

"ఇవాళ అతనికి రెస్టు కదా?"

"రెస్టే. మీరొస్తున్నారని రాత్రి సెప్పీసరికి, తెల్లారగట్ల లేచి యూనిఫారం ఇస్త్రీ సేసుకున్నాడు. ఎవడికో బదులు నేనెల్తానని తనే అడిగీసుకున్నాడు." ఆమె అక్క వైపు చూసి నాలుక కరుచుకుంది. "అంటే... పోయినసారి మీరు క్రేను స్విచ్చి ఎలగ పని సేస్తాదో సెప్పినారు కదా బావా. రెండు పూటలా సెప్పినారంట. ఆ రాత్రి నిద్దర్లో కూడా స్విచ్చి, స్విచ్చి అని కలవరించినాడు."

కొర్నేలి మొహం ఎర్రబడింది. "నేనా? నేను చెప్పింది పట్టుమని పది నిమిషాలు! అదీ అతనికి జ్ఞానం వస్తుందని! నన్ను చూసి పారిపోతాడా? ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి పారిపోయే మనిషి ఎక్కడైనా ఉంటాడా?"

విమలకుమారి మంచినీళ్ళ గ్లాసు అందించి, అతన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపుకి కొర్నేలి గొంతు కాస్త తగ్గింది గాని, కోపం తగ్గలేదు.

"వచ్చే ఆదివారం అతనికి డ్యూటీ ఉందా?"

"లేదు బావా. రెస్టే."

"అయితే మళ్ళీ వస్తాం! పొద్దున్నే వస్తాం! ఎలా తప్పించుకుంటాడో చూస్తాను!"

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏంజెలా వంటింట్లోకి వెళ్ళింది. విమలకుమారి గోడకున్న కేలెండరు దగ్గరికెళ్ళి, వచ్చే ఆదివారం చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసి, "రాసీసినానండీ," అంది.